ముసురూ, చూరునీళ్ళూ

1993వ సంవత్సరం సెప్టెంబరు 30వ తేదీ. తెల్లవారుజాము నాలుగు గంటలు కావస్తున్నది. సికింద్రాబాదు లాలాగూడలో మేము కాపురమున్న రైల్వే క్వార్టరులో మంచాలు కదిలాయి. వంటింటి గూట్లోని స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. గూడ్సు బండి పోతున్నదేమో అనుకున్నాము. రైలు పట్టాల పక్కన బ్రతికేవారికి ఇల్లు అదరడం కొత్త కాదు. అయితే బండి చప్పుడు లేదు. వీధిలో కుక్కలు మాత్రం ఒక్కటే అరుపు.

ప్రొద్దున్న రేడియోలో తెలిసింది. మహారాష్ట్రలో, లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూకంపం. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. మట్టితో రాళ్ళు పేర్చిన గోడల కింద నిద్రలోనే సుమారు పదివేలమంది చనిపోయారు. ఆ సంఖ్య మాకు ఒక్కరోజున తెలియలేదు, రోజురోజుకూ పెరుగుతూ వచ్చింది. మా సంఘంలో ఆ ఆదివారం దుప్పట్లు, బియ్యం పోగుచేసి పంపారు.

ఇంతవరకు అందరికీ తెలిసినదే. మేము చెప్పదలచినది ఆ తరువాతి మూడు రాత్రుల సంగతి.

మాతో అమ్మమ్మ ఉండేది. మా ఇద్దరిలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. పిల్లలు అమ్మమ్మ అని పిలుస్తుంటే మాకందరికీ అదే పేరు అలవాటైంది. డెబ్బయి రెండేళ్ళ మనిషి, ఉబ్బసం రోగి. ఆమె ఒక్కగానొక్క కొడుకు పోర్టుబ్లెయిరులో హార్బరు మెకానిక్కు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుండి బ్రతుకుతెరువుకై అండమాను వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి, అతడూ అలా వెళ్ళినవాడే.

భూకంపం వచ్చిన రోజు సాయంత్రానికే క్వార్టర్లలో ఒక మాట పుట్టింది. రాత్రి మూడు గంటలకు ఇంతకంటె పెద్దది వస్తుందట. మన దక్కను నేలంతా ఒకప్పుడు అగ్నిపర్వతాల నుండి పారిన లావాయేనట, కింద అది మళ్ళీ మేలుకొన్నదట. ఎవరు చెప్పారు? ఎవరికీ తెలియదు. పక్కింటివారు మంచాలు గ్రౌండులోకి మోస్తుంటే మేమూ మోశాము. మొదటి రాత్రి మూడు దాటింది, ఏమీ రాలేదు. "ఈ రాత్రి కాదు, రేపు" అన్నారు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి వాన పట్టుకున్నది. టార్పాలిను కింద అమ్మమ్మను కూర్చోబెట్టి తెల్లవార్లూ వేచి ఉన్నాము. "నేను ఇంట్లో పడుకుంటానురా, పోతే పోతాను" అని ఆమె రెండుసార్లు అన్నది. మేము వినలేదు.

మరునాటికి జ్వరం, ఆ పైన న్యుమోనియా. ఇరవై రోజులకు అమ్మమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది.

కొడుకుకు టెలిగ్రాం అందింది గాని ఓడ దొరకాలి కదా. చెన్నపట్నానికి మూడు రోజుల సముద్ర ప్రయాణం. భూస్థాపన అయిన ఆరో రోజుకు వచ్చాడు. గేటు దగ్గర సంచి దింపి అడిగిన మొదటి మాట, "అక్కా, అమ్మను వానలో బయటెందుకు ఉంచారు?" భూకంపం వస్తుందన్నారని చెప్పాము. "ఎవరన్నారు?" అన్నాడు. మావద్ద జవాబు లేదు. అతడు మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు. మేము మాత్రం పదకొండేళ్ళు దానిని మోశాము.

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర గంటల వేళ సుమత్రా దగ్గర సముద్రం కింద 9.1 తీవ్రతతో భూమి చీలింది. పోర్టుబ్లెయిరులో జంగ్లీఘాటు పల్లంలోకి నీళ్ళు వచ్చాయి. మా తమ్ముడు, అతని భార్య, పన్నెండేళ్ళ కూతురు మెరకమీద ఉన్న ఒక స్నేహితుని ఇంటికి ఎక్కి బ్రతికారు. నాలుగు రోజులు ఫోను కలవలేదు. కలిసిన రోజున మా ఇంట జరిగిన స్తోత్రారాధన ఎలాంటిదో చదువరులు ఊహించుకోగలరు.

నెల గడిచింది. జనవరి ఆఖరి వారంలో ఒక రాత్రి అతడే ఫోను చేశాడు. ప్రకంపనలు ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైనాయి. రోజుకు ఇన్ని అని చెప్పడానికి లేదు. సముద్రం కింద అగ్నిపర్వతం పేలబోతున్నదనీ, దీవులు మిగలవనీ మార్కెట్టులో చెప్పుకొంటున్నారు. జనం ఓడ టిక్కెట్లకు వరుస కట్టారు. ఉద్యోగం వదిలి వస్తే మళ్ళీ దొరకదు. ఉంటే ఏమౌతుందో తెలియదు. "బావా, ఈసారి మీరే చెప్పండి. రమ్మంటారా, ఉండమంటారా?" అన్నాడు.

ఈసారి అన్న మాట మాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడ దాటగానే, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. అందరూ ఎన్జీఆర్ఐ అంటారు. 1961లో స్థాపించారు. దేశంలో భూకంపాలమీద పనిచేసే పెద్ద సంస్థలలో అదొకటి. మా సంఘంలో ఒక సహోదరుడు అక్కడ పరికరాల పని చేసి రిటైరైనారు. ఏళ్ళ తరబడి ఒకే బల్లమీద కూర్చుని ప్రార్థించుకున్నాము గాని 1993లో మాకు ఆయనను అడగాలని తోచలేదు. ఇది మా మూఢత్వం, దాచుకోము. ఈసారి ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని తిన్నగా ఆయన ఇంటికి వెళ్ళాము.

ఆయన సంగతంతా విని, "ముందు వాన సంగతి మాట్లాడుకుందాము" అన్నారు. ఆయనది పల్లెటూరు. మాదీ అంతే.

ఒక పెద్ద వాన దబదబ కురిసి ఆగిపోతుంది. ఆగిన తరువాత చూరునుండి నీళ్ళు కారుతుంటాయి. మొదట ధారగా, తరువాత చినుకు చినుకుగా, చివరికి ఎప్పుడో ఒక బొట్టు. మామూలు భూకంపం అలాంటిది. పెద్ద దెబ్బ ఒకటి, ఆ వెనుక చిన్నవి. 1891లో జపానులో పెద్ద భూకంపం వస్తే ఒమోరి అనే శాస్త్రవేత్త ఆ వెనుక వచ్చిన చిన్నవాటిని రోజుల తరబడి లెక్కపెట్టి, 1894లో ఒక సూత్రం చెప్పారు. మొదటి రోజున వంద వస్తే, రెండో రోజున సుమారు యాభై, మూడో రోజున ముప్పై మూడు, పదో రోజున పది. రోజుల సంఖ్యతో భాగిస్తే చాలు. ఇంచుమించుగా ఇదే లెక్క ప్రపంచమంతటా సరిపోతున్నది.

"మరి ముసురు ఉన్నది చూడండి," అన్నారు ఆయన. "దానిలో పెద్ద వాన ఏది? లేదు. రెండు రోజులు, మూడు రోజులు ఒకే తీరుగా పడుతుంది. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. అగ్నిపర్వతం కింద వచ్చే ప్రకంపనలు తరచుగా ఆ తీరువి. కరిగిన రాయి పైకి దారి చేసుకుంటూ బండను కొంచెం కొంచెం పగలగొడుతుంది. ఒక్కసారి విరిగి ఊరుకోవడం కాదు."

రెండో లెక్క కూడా చెప్పారు. మౌలాలీ గుట్ట చుట్టూ చూస్తే పెద్ద గుండు ఒకటుంటే దానికంటె చిన్నవి పది, ఇంకా చిన్నవి వంద కనబడతాయి. భూకంపాలు కూడా అంతే. అమెరికాలో గూటెన్‌బర్గు, రిక్టరు అనే ఇద్దరు 1940ల్లో దీనిని తేల్చారు. తీవ్రతలో ఒక మెట్టు దిగితే సంఖ్య సుమారు పదింతలౌతుంది. ప్రపంచం మొత్తంమీద ఏడాదికి 8 దాటినవి ఒకటి, 7 దాటినవి పదిహేను, 6 దాటినవి వందకు పైగా, 5 దాటినవి వెయ్యికి పైగా. అగ్నిపర్వతాల కింద మాత్రం ఈ లెక్క మారుతుంది. ఒక మెట్టు దిగితే కొన్నిచోట్ల ముప్పై ఇంతలు, ఒక్కొక్కచోట వంద ఇంతలు. అంటే చిన్నవి కొల్లలు, పెద్దవి అరుదు.

ఇలా లెక్కను బట్టి భూకంపం ఏ జాతిదో పోల్చడం మన ఎన్జీఆర్ఐ వారికి బాగా తెలిసిన విద్య. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలో కొయనా జలాశయం దగ్గర భూకంపం వచ్చి దాదాపు రెండు వందలమంది చనిపోయారు. అక్కడి చిన్న ప్రకంపనలను లెక్కగట్టి, జలాశయాల దగ్గర వచ్చేవాటికి వేరే పోలికలున్నాయని హర్ష్ గుప్తా, రస్తోగి, హరి నారాయణ్ గార్లు 1972లో చూపించారు. అక్కడ కూడా చిన్నవాటి పాలు మామూలుకంటె ఎక్కువే. ఇది చెబుతున్నప్పుడు మా సహోదరుని ముఖంలో కొంచెం గర్వం కనిపించింది. తప్పేమున్నది?

అప్పటికి రాత్రి పది దాటింది. సహోదరి మా ముందు మజ్జిగ గ్లాసులు పెట్టింది. మేము అడగవలసినది అడిగాము. అగ్నిపర్వతం పేలినప్పుడు భూమి ఎంత అదురుతుంది? దీవి మునుగుతుందా?

"మీ ఊళ్ళో బావి త్రవ్వినప్పుడు తోటాలు పేల్చేవారు కదా. ఎంత దూరం అదిరేది?"

బావి చుట్టుపక్కల ఇళ్ళవరకు అదిరేది. ఊరవతలికి చప్పుడు వెళ్ళేది గాని నేల అదిరేది కాదు.

పేలుడువలన వచ్చే భూకంపం కూడా ఆ పోలికదేనట. నేలకు దగ్గరలో పుడుతుంది గనుక దగ్గరివారిని కుదుపుతుంది, దూరం పోయేసరికి సన్నగిల్లుతుంది. గాలిలో పోయే దెబ్బ మాత్రం చాలా దూరం పోతుంది. 1883లో క్రకటోవా పేలినప్పుడు ఆ చప్పుడు 4,800 కిలోమీటర్ల దూరాన రోడ్రిగ్స్ దీవిలో వినబడింది. ఇటలీలో స్ట్రాంబోలి అనే కొండ గంటకు కొన్నిసార్లు పేలుతుంది. అక్కడి పేలుళ్ళ ప్రకంపనలు ఒకే అచ్చులో పోసినట్లు ఒకదానినొకటి పోలి ఉంటాయి. జపానులో అసామా అనే కొండను మినకామి గారు ఏళ్ళ తరబడి కనిపెట్టి ప్రకంపనలను జాతులుగా విడదీశారు. లోతునుండి వచ్చేవి, పైపైన పుట్టేవి, పేలుడుతోపాటు వచ్చేవి. పైపైన పుట్టేవాటి సంఖ్య కొద్దిరోజులుగా పెరుగుతూ ఉంటే పేలుడుకు అవకాశం పెరిగినట్లని ఆయన తేల్చారు. పెరిగిన ప్రతిసారీ పేలదు. అవకాశం పెరుగుతుంది, అంతే.

"అయితే ఏ రోజున, ఏ గంటకు అన్నది?" అని అడిగాము.

"ఏ లెక్కా చెప్పదు. ఎన్ని రావచ్చునో చెబుతుంది, ఏ జాతివో చెబుతుంది. భూకంపానికి గంట చెప్పినవాడు ఎవడైనా సరే, వాడి మాట అబద్ధం."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. 1993లో ఈ ఒక్క మాట తెలిసి ఉంటే అమ్మమ్మ తన మంచంమీద పడుకునేది. కిల్లారిలో పెద్ద వాన పడింది, ఆ వెనుక చూరునీళ్ళు కారాయి. రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మమ్మల్ని ఆ నీళ్ళు తడపలేవు. ఇక లావా సంగతి. కిల్లారి కింద మూడు వందల మీటర్లకు పైగా లావా రాయి ఉన్నమాట నిజమే. అది సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం పారి చల్లారినది. మన సికింద్రాబాదు కింద అది కూడా లేదు, ఉన్నది గ్రానైటు. బ్రతికున్న అగ్నిపర్వతం మన దేశంలో ఒక్కటే, అది అండమానులోని బారెన్ దీవి.

ఆయన అంతటితో ఆపి ఉంటే, "ఏమీ భయంలేదు, అక్కడే ఉండు" అని మేము ఫోను చేసేవాళ్ళమే. ఆయన ఆపలేదు.

జపానులో సకురజిమా అనే దీవి ఉన్నది. 1914 జనవరి 11వ తేదీ తెల్లవారకముందు నుండి అక్కడ ప్రకంపనలు మొదలై వందలకు చేరాయి. తీరంలో వేడినీళ్ళు ఉబికాయి. చాలామంది తమంతట తామే పడవలెక్కి వెళ్ళిపోయారు. ఒక గ్రామపెద్ద మాత్రం పట్టణంలోని అబ్జర్వేటరీ వారిని అడిగితే, కొండ పేలదని జవాబు వచ్చింది. వారిది పాత పరికరం, చూపించింది తక్కువ. మరునాటి ఉదయం పది గంటలకు కొండ పేలింది. ఆ మాట నమ్మి ఆగిపోయినవారిలో కొందరు చలి సముద్రంలో ఈదబోయి చనిపోయారు. 1924లో ఆ ఊరి బడి ఆవరణలో ఒక రాతి ఫలకం నిలబెట్టారు. సిద్ధాంతాలను నమ్ముకొని కూర్చోవద్దు, సూచనలు కనబడితే బయలుదేరమని దానిమీద చెక్కించారు.

"లేని భయం చెప్పినా మనిషి చస్తాడు, లేని ధైర్యం చెప్పినా చస్తాడు. మీరు ఆ రెండిటిలో ఏదీ చెప్పకండి" అన్నారాయన.

మరి ఏమి చెప్పాలి? ఆయన కాగితంమీద వ్రాసి ఇచ్చారు. గోడలు పగిలిన ఇంట్లో పడుకోవద్దు. తీరపు పల్లంలో ఉండవద్దు. కుదుపు ఎక్కువసేపు సాగితే ఎవరూ చెప్పకుండానే మెరక ఎక్కాలి. ఇవి లెక్కతో పనిలేని మాటలు. ఇప్పుడు వస్తున్నవాటిలో రెండు రకాలు కలిసి ఉన్నాయి. డిసెంబరు 26వ తేదీ పెద్దవాన చూరునీళ్ళు ఒకటి. నికోబారు దీవులకు తూర్పున, సముద్రం అడుగు చీలుతున్నచోట పట్టిన కొత్త ముసురు రెండవది. ఆ చోటు పోర్టుబ్లెయిరుకు సుమారు 400 కిలోమీటర్ల దూరం. అగ్నిపర్వతాల వరుస కూడా ఆ వైపునే ఉన్నది గనుక కరిగిన రాయి కదిలిందా లేదా అన్నది తెలియడానికి ఇంకా కాలం పడుతుంది. పోర్టుబ్లెయిరు మాత్రం ముసురు పడుతున్న చోటు కాదు. చివర ఒక మాట, "ఒక నోటుబుక్కు తీసుకుని, తెలిసిన ప్రతి కుదుపుకూ ఒక గీత గీయండి."

ఉన్నదున్నట్లు ఫోనులో చదివి వినిపించాము. రమ్మనలేదు, ఉండమనలేదు. ఇది ఎంత కష్టమో అన్నవారికే తెలుస్తుంది. అవతల అతడు చాలాసేపు మాట్లాడలేదు. "ఇది ఎవరన్నారు, బావా?" అన్నాడు చివరకు. పేరు చెప్పాము, ఆయన చేసిన ఉద్యోగం చెప్పాము, ఫోను నంబరు కూడా ఇచ్చాము. "సరే" అన్నాడు.

వారు ఉండిపోయారు, జంగ్లీఘాటులో కాక మెరకమీది స్నేహితుని ఇంట్లోనే. గీతలు గీసే పని కూతురు తీసుకుంది. ఆ ముసురు ఐదారు రోజులు పట్టింది. తీవ్రత 5 దాటినవే నూటయాభై దాకా వచ్చాయి. అంతవరకు ప్రపంచంలో పరికరాలకు అందిన ముసుర్లలో అదే అత్యంత శక్తిగలదని తరువాత శాస్త్రజ్ఞులు వ్రాశారు. వాటిలో పెద్దవాన అనదగినది ఒకటీ లేదు. ఫిబ్రవరిలో సన్నగిల్లింది. "రాత్రి భయమేసినప్పుడు నాన్న నిన్నటి గీతలు లెక్కపెట్టమనేవాడు, అత్తయ్యా. లెక్క పూర్తికాకముందే నిద్ర వచ్చేది" అని ఆ పిల్ల తరువాత మాకు చెప్పింది.

ఆ సంవత్సరమే మే నెలాఖరున బారెన్ దీవి పేలింది. పోర్టుబ్లెయిరుకు 135 కిలోమీటర్ల దూరం, మనుష్యులు లేని దీవి. నూటయాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి 1991లో మేలుకొన్నది, 1994లో మరోసారి, ఆ తరువాత ఇదే. అక్కడ ఎప్పుడో ఓడలవారు విడిచిన మేకలు ఉన్నాయట. లావా పారుతున్నా అవి ఒక మూల బ్రతుకుతూనే ఉన్నాయని విన్నప్పుడు మాకు నవ్వూ వచ్చింది, ఆశ్చర్యమూ కలిగింది. తమ్ముడు ఫోనులో, "బావా, పేలింది! ఇక్కడ గ్లాసు కూడా కదలలేదు" అన్నాడు. మా సహోదరునికి చెబితే ఆయన నవ్వలేదు. ఈసారి దూరాన ఉన్నది గనుక అన్నారు.

మా కూటములకు వచ్చే ప్రసంగీకులలో కొందరు ఏటేటా భూకంపాలు పెరుగుతున్నాయని సంఖ్యలు చదువుతుంటారు. ఒకసారి దీనిని కూడా ఆయన దగ్గర కదిపాము. పెరిగినవి పరికరాలు, ఇదివరకు ఎవరికీ తెలియకుండా పోయిన చిన్నవి ఇప్పుడు పట్టుబడుతున్నాయి, పెద్దవాటి లెక్క ఇంచుమించు అంతే ఉన్నదని చెప్పారు. ప్రభువు భూకంపాలను గూర్చి చెప్పినచోట కలవరపడవద్దని కూడా చెప్పాడు కదా, ఆ మాట చదవకుండా సంఖ్యలు మాత్రం చదవడం ఎందుకని ఆయన ప్రశ్న. మాకు అది సబబుగానే తోచింది. ఎవరినైనా నొప్పిస్తే మన్నించాలి.

ఆ సహోదరుడు ఇప్పుడు లేరు. తమ్ముడు రిటైరై సికింద్రాబాదు వచ్చి మాకు రెండు వీధుల అవతల ఉంటున్నాడు. వచ్చిన కొత్తలో ఒకనాడు ఆ నోటుబుక్కు తెచ్చి మా చేతిలో పెట్టాడు. మొదటి పేజీల్లో గీతలు కిక్కిరిసి ఉన్నాయి. చివరి పేజీలో రెండే. అమ్మమ్మ సంగతి అతడు ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. కాఫీ త్రాగి వెళ్ళాడు.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 తరువాత గోదావరి లోయలో అంతటిది రాలేదు. మా వంటింట్లో గ్లాసులు మళ్ళీ గలగలమన్నాయి. గంటలోపే ఫోన్లలో మాటలు మొదలైనాయి, రాత్రికి ఇంకొకటి ఉందట, ఫలానా గంటకట. మా మనుమరాలు బడికి వెళ్ళనని మొరాయించింది. అలమర పైఅరలోనుండి నోటుబుక్కు దింపి, తేదీ వేసి, ఒక గీత గీయమన్నాము. గీసింది. పెన్సిలు చేతిలోనే పట్టుకొని బడికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి మళ్ళీ పుస్తకం ముందు కూర్చుంది. మాకు తెలిసినంతలో ఆ పేజీలో రెండో గీత పడలేదు.